నూకరాజు మాస్టారు శృతి తప్పిన సంవత్సరాలు

ఉగాదికి ఇరవై ఆరు రోజులు

ఈ పుస్తకం నాలుగో అంతస్తు గాలి డ్యూటీది. ముందు పేజీల్లో మీటరు లెక్కలు రాయాలి, వెనక పేజీలు ఖాళీగా ఉంచాలి. ఖాళీగా ఉంచమన్నచోట రాయకుండా ఉండడం నా వల్ల కాదు. అందుకని వెనకనించి నా సొంత గొడవ రాసుకుంటున్నాను. తనిఖీకి వచ్చేవాళ్ళు పుస్తకాన్ని ఎప్పుడూ ముందునించే తెరుస్తారు.

నా పేరు గనగళ్ల రూపవతి. లోతూరు సముద్రం అడుక్కి దిగిన ముప్పై ఒకటో ఏడు ఇది. నేను ఐదేళ్ళ పిల్లగా దిగాను. గాలి గొట్టాలకి కట్టే వడపోత గుడ్డలు ఉతికి ఆరేయడం, రోజుకి రెండుసార్లు మీటరు చూసి ఆక్సిజన్ వాల్వు సరిచేయడం నా పని. గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై ఒకటి ఉండాలి. ఇవాళ పొద్దున మీటరు దానిమీద కాస్త ఎక్కువ చూపింది. వాల్వు పావు చుట్టు తగ్గించాను. మెట్లెక్కి వచ్చేసరికి మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. ఒళ్ళు పెరిగింది, ఒప్పుకోవాలి.

ఇక అసలు సంగతి. కోడా నూకరాజు మాస్టారి ఫ్లూటు రికార్డింగులు ఇవాళ్టికి నా దగ్గర మూడువందలు అయ్యాయి. మూడువందోది ఎనిమిదో అంతస్తు వంటవాడి పాత ఫోనులో దొరికింది. ఒక ఆవకాయ సీసా ఇచ్చి తెచ్చుకున్నాను. మా ఊళ్ళో రికార్డింగులు దాచే ఆఫీసంటూ లేదు. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు ఫోను పైకెత్తి పట్టుకున్నారు, అంతే. నేను ఇల్లిల్లూ తిరిగి పోగేస్తాను. ప్రతిదానికీ నంబరు, ఏడు, చోటు, రాగం, మధ్యలో ఎవరు దగ్గారో కూడా రాసి పెడతాను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. ఆయన చెప్పుల పెట్టెలో ఇప్పుడు చెప్పులు లేవు, మెమరీ కార్డులున్నాయి. ఆ కోపం అది.

మాస్టారు మూడేళ్ళుగా ఫ్లూటు ముట్టడం లేదు. సభలో, అంటే ఊరంతా చేరే కింది పెద్ద హాల్లో, కచేరీ మధ్యలో ఆపేసి, ఫ్లూటు గుడ్డలో చుట్టుకుని లేచి వెళ్ళిపోయారు. "శృతి తప్పిపోయింది, వయసైపోయింది పాపం" అన్నారు ఊరంతా. పాపం అన్న మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఆయన తప్పారన్నది నిజమే, నా చెవులతో విన్నాను. మరి ఆ తప్పడం ఏ రోజున మొదలైంది? మూడువందలూ వరసగా వింటే తేలుతుంది కదా. రేపటినించి గుడ్డలు ఉతుకుతూ అదే పని.

ఉగాదికి ఇరవై రెండు రోజులు

ఎనభై ఏడు విన్నాను. చేతులు సబ్బు నీళ్ళలో నానిపోయాయి.

మాస్టారి వెనక ఎప్పుడూ ఒకటే శృతిపెట్టె మోగుతుంది. అది కరెంటుది, దాని స్వరం మారదు. ఫ్లూటు దానితో కలిసిందా లేదా అన్నది ఎవరికైనా తెలిసిపోతుంది. ఊరు దిగిన పదకొండో ఏటి దాకా ఫ్లూటూ పెట్టే ఒకటిగానే ఉన్నాయి. పన్నెండో ఏట, సభలో వాయించిన కల్యాణిలో, ఫ్లూటు పెట్టెకన్నా వెంట్రుకవాసి పైన ఉంది. పదమూడులో ఇంకాస్త పైకి. పద్నాలుగో ఏట మాస్టారు కొత్త ఫ్లూటు చేసుకున్నారు, మళ్ళీ కలిసింది. పదహారు వచ్చేసరికి అదీ పైకి పోయింది.

ఇక్కడే నాకు అనుమానం వచ్చింది. ముసలితనం ఇలా ఉండదు. మా అత్తగారి మోకాళ్ళు ఒకరోజు బాగుంటాయి, ఒకరోజు బాగుండవు. మాస్టారి తప్పు మాత్రం ఏనాడూ కిందికి పోలేదు. పైకే పోయింది, అదీ ఏడాదికి ఇంత అని ఎవరో కొలిచినట్టు.

వింటూ ఉంటే బడినించి కబురొచ్చింది. మా అమ్మాయి చంద్రకళ మళ్ళీ క్లాసులో నిద్రపోయిందట. టీచరు కూడా ఆవలిస్తూనే చెప్పింది. ఉగాది తర్వాత బడిని కిందికి, సభలోకి మారుస్తారు. చోటు ఎక్కువ కదా, పిల్లలు కాస్త హుషారుగా ఉంటారు అంది.

ఉగాదికి పంతొమ్మిది రోజులు

నంబరు 201: ఇరవై రెండో ఏడు, ఆరో అంతస్తులో ఒక పెళ్ళి. మోహన. నంబరు 202: మర్నాడు సభలో కచేరీ, ఇళ్ళల్లో వాయించే ఆ పాత ఫ్లూటే, మళ్ళీ మోహనే. పెళ్ళిలో ఫ్లూటు పెట్టెతో చక్కగా కలిసింది. తెల్లారి సభలో, వీణ మీద కొలిస్తే, అర మెట్టు దాటి పైకి పోయింది. ఒక్క రోజులో ముసలాడైపోయాడా మనిషి?

ఇది పట్టుకుని మైలపల్లి దానయ్య బావ దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో మీటర్లన్నీ ఆయన చేతిలో ఉంటాయి. మంచివాడే కానీ, తన మీటర్ల సంగతి ఎత్తితే మాత్రం ముఖం ముడుచుకుంటాడు. రెండూ వినిపించాను.

"వేడి, మరదలా," అన్నాడు. "సభలో నాలుగొందలమంది కూకుంటే వేడెక్కిపోదేటి? వేడికి ఫ్లూటు పైకి పోద్ది. బడిపిల్లల్ని అడుగు, చెప్తారు."

ఆయన చెప్పింది సబబుగానే ఉంది.

వస్తూ వస్తూ సభ గోడ మీద మీటరు చూశాను. పంతొమ్మిదీ పాయింట్ నాలుగు. వెనక్కెళ్ళి అదేమిటి బావా అంటే, "మీటరు వాడిపోనాది. ఉగాదికి మళ్ళా ఇరవై ఒకటికి తిప్పీస్తాను గదా," అన్నాడు.

ఈ ఉగాది తంతు రాయాలి, ఎవరైనా తర్వాత చదివితే తెలియాలి. మొదట్లో మీటర్లు సరిచూడడానికి పైనించి సీసాలో గాలి వచ్చేది. ఏడో ఏట తుపానుకి ఓడ రాలేదు. అప్పుడు దానయ్య బావ వాళ్ళ నాన్న ఒక ఉపాయం చేశాడు. ఊళ్ళోకల్లా మంచి గాలి సభలోదే కదా, దాన్నే ఇరవై ఒకటి అనుకుందాం అన్నాడు. అన్ని అంతస్తుల మీటర్లూ సభలో వరసగా పెట్టి, ముల్లు ఇరవై ఒకటికి తిప్పారు. మరుసటేడు సీసా వచ్చినా ఎవరూ తెరవలేదు. ఇప్పుడైతే మీటర్లకి పసుపు రాసి బొట్టు పెట్టి మరీ తిప్పుతాం, తర్వాత పచ్చడి పంచుతాం. సభలో మీటరు తగ్గితే మీటరుదే తప్పు, సభ గాలిది తప్పు అని మా ఊళ్ళో ఎవరి నోటా రాదు.

ఉగాదికి పదహారు రోజులు

వేడి సంగతి తేల్చాలంటే ఖాళీ సభలో వాయించినది కావాలి. రెండు రోజులు చెప్పుల పెట్టె తిరగేశాను. నంబరు 244 దొరికింది. ఇరవై ఐదో ఏడు, పొద్దున్నే సాధన. మొదట్లోనే మాస్టారి గొంతు వినిపిస్తుంది, "ఎవరూ లేరు, ఒకటే చలి, ఆ శాలువా ఇటియ్యమ్మా" అని. తర్వాత హిందోళం. చలిలో ఫ్లూటు కిందికి పోవాలి. పైకే ఉంది, అర మెట్టు.

వేడి కాదు. మనిషీ కాదు. ఆ గది.

ఈ మాట రాస్తుంటే ఒళ్ళు జలదరించింది, భయంతో కాదు, సంతోషంతోనే. ఇన్నేళ్ళు పోగేసింది దేనికైనా పనికొస్తుందని నేను కూడా అనుకోలేదు.

ఉగాదికి పదమూడు రోజులు

మాస్టారింటికి వెళ్ళాను. ఇన్ని రికార్డింగులు పోగేసినా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. అభిమానం ఎక్కువైతే నాకు నోరు పెగలదు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, నిటారుగా కూర్చుని వల అల్లుతున్నారు. వచ్చిన పని చెప్పాను. వల పక్కన పెట్టారు.

"మూడొందలా?" అన్నారు. "ఆ తప్పుడు పాటలన్నీ ఎందుకు తల్లీ? ఎక్కిరించుకోడానికా?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాదు మాస్టారూ, మీరంటే నాకు ప్రాణం అన్నాను. అంత సూటిగా అనేశాక చటుక్కున ఫోను బయటికి తీశాను. ఆయనే తేరుకుని, 201నీ 202నీ వినిపించమన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇది నాకు తెలుసు," అన్నారు. "ఇంటికాడ పలికింది సభలో పలకదు. జనాన్ని చూస్తే నా ఊపిరి నా మాట ఇనదు అనుకున్నాను. ఊపిరి తగ్గించి ఊదినాను, అవలేదు. ఫ్లూటు మార్చినాను. మారస్తా మారస్తా పోనాను."

మంచం కిందనించి పెట్టె లాగారు. తొమ్మిది ఫ్లూట్లు. వెదురు మాకెక్కడిది, అన్నీ పాత నీళ్ళ గొట్టాలు కోసి చేసినవే. నేలమీద వరసగా పేర్చాం. మొదటి మూడూ ఒకే పొడవు, ముప్పై ఆరు సెంటీమీటర్లు. నాలుగోది కాస్త పొడుగు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, ఒకదానికన్నా ఒకటి పొడుగు. తొమ్మిదోది ముప్పై ఎనిమిది దాటింది. పొడుగు పెరిగితే స్వరం కిందికి దిగాలి. అంత పొడుగు ఫ్లూటు కూడా ఆఖరి కచేరీలో పైకే పోయిందట.

"మా ఆవిడ పోయేముందు ఒక మాటంది," అన్నారు. "నీకు చెవి పోనాది, ఇంక ఊరుకో, నలుగురిలో నవ్వులపాలవకు అని. దాని మాట నిజమనే ఊరుకున్నాను."

మీకు చెవి పోలేదు మాస్టారూ, పోతే ఇంత లెక్కగా కొయ్యలేరు అన్నాను. ఆయన తొమ్మిదో ఫ్లూటు చేతిలోకి తీసుకున్నారు కానీ ఊదలేదు.

ఉగాదికి పది రోజులు

పోలమ్మ పిన్ని ఒకప్పుడు ఈతగాళ్ళ మేస్త్రీ. ఈతగాళ్ళు బాగా లోతుకి దిగేటప్పుడు ఇనప డబ్బాలో కూర్చుని దిగుతారు. ఆ డబ్బాలో మామూలు గాలి ఉండదు, హీలియం కలిపినది ఉంటుంది. అందులో మాట్లాడితే ఎంత లావు మనిషికైనా పిట్ట గొంతు వస్తుంది. తొమ్మిదో ఏట సరదాకి మాస్టారిని ఆ డబ్బాలో కూర్చోబెట్టి వాయించమన్నారని చాలా ఏళ్ళుగా వింటున్నాను. ఆ రికార్డింగు పిన్ని దగ్గరే ఉందని ఇవాళే తెలిసింది.

"దానికోసమా ఇంత దూరం వొచ్చినావు?" అంది. "నవ్వలేక సచ్చిపోనామే ఆ రోజు. ఫ్లూటు ఊదుతుంటే ఈలలాగ అయిపోనాది. శృతిపెట్టె మాత్రం దాని మానాన అది మోగుతుంది. మాస్టారు ఫ్లూటుని ఇటు తిప్పి అటు తిప్పి చూసుకున్నాడు పాపం."

విన్నాను. రెండోసారి వినేటప్పుడు నాకు నవ్వు రాలేదు. పెట్టె అలాగే ఉంది, ఫ్లూటు పైకి పోయింది. సభలో జరిగిందీ ఇదే, కాకపోతే కొంచెం కొంచెంగా.

"పిన్నీ, హీలియం నిలవచేసే గది ఎక్కడ?"

"సభ వెనక గోడకి అవతల. పన్నెండో ఏట కట్టినారు గదా. ఏటే, అలగైపోనావు?"

పన్నెండో ఏట. మంచినీళ్ళు తెప్పించుకుని తాగాను. పంతొమ్మిదేళ్ళుగా ఆ గోడలోంచి హీలియం సభలోకి కారుతోంది. సభలో ఒత్తిడి పెరగకుండా మిషను చూసుకుంటుంది. హీలియం ఎంత లోపలికి వస్తే మామూలు గాలి అంత బయటికి పోతుంది, దానితో ఆక్సిజనూ పోతుంది. మీటరు వాడిపోలేదు. మీటరు నిజం చెబుతుంటే, ఏటా ఉగాదికి బొట్టు పెట్టి దాని మెడ తిప్పేస్తున్నాం.

ఇంకో సంగతి మెట్లమీద కూలబడ్డాక తట్టింది. ఆక్సిజన్ తక్కువున్న గాలిని ఇరవై ఒకటి అని నేర్పిన మీటరు మా నాలుగో అంతస్తుకి వస్తే ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు గాలి బలిసింది అని వాల్వు తగ్గించేది ఎవరు? నేనే. నా చేత్తో, పావు చుట్టు, పావు చుట్టు, పదహారేళ్ళుగా. మా చంద్రకళ పీల్చే గాలిలోంచి. నాకు ఒళ్ళు పెరగలేదు, అందరికీ ఊపిరి తగ్గింది. ఆ కుళ్ళు గాలిలోకి పది రోజుల్లో బడి మారుస్తారు, మీటర్లు మళ్ళీ తిప్పుతారు, నేను మళ్ళీ వాల్వు తగ్గిస్తాను. ఏడ్చాను. ఎవరో మెట్లు దిగుతూ ఏమైందమ్మా అని అడిగితే ఫ్లూటు అన్నాను.

ఉగాదికి తొమ్మిది రోజులు

దానయ్య బావ అంతా విన్నాడు. కుర్చీలోంచి లేవలేదు.

"మా నాన్న పెట్టిన పద్ధతి తప్పంటావు," అన్నాడు.

"మామ పెట్టింది ఒక్క ఏడాదికి బావా. ఓడ రాలేదని. ఆయన తప్పు కాదు. తర్వాత సీసా తెరవనిది మనం."

"ఫ్లూటు మాట నమ్మి బడి ఆపమంటే పెద్దలు నవ్వుతారు నన్ను."

"ఫ్లూటు మాట వద్దు. ప్రాణపడవలో పైగాలి సిలిండర్లున్నాయి కదా. ఒకటి తెరువు. ఆ గాలిలో మీటరు పెట్టు. ఇరవై ఒకటి చూపిస్తే నేను ఇంక నోరెత్తను."

ప్రాణపడవ ఊరు మునిగిపోయేటప్పుడు ఎక్కడానికి. ఆపద లేకుండా దాని సీలు తెంపినవాణ్ణి ఓడెక్కించి పైకి పంపేస్తారు, మళ్ళీ రానివ్వరు. బావకి ఇక్కడ తప్ప ఎక్కడా ఎవరూ లేరు. కుదరదు అన్నాడు. నేను గుమ్మం దాటుతుంటే వెనకనించి అడిగాడు, "మాస్టారు వాయిస్తాడా? ఖాళీ సభలో, నా ఎదర?"

ఉగాదికి ఎనిమిది రోజులు

పొద్దున్నే నలుగురం సభకి వెళ్ళాం. మాస్టారు, బావ, పోలమ్మ పిన్ని, నేను. మాస్టారు గుమ్మం దగ్గర ఆగిపోయారు. మూడేళ్ళయింది కదా. పిన్ని చెయ్యి పట్టుకుంది.

తొమ్మిదో ఫ్లూటు తీసి, శృతిపెట్టె పెట్టి, ఒక్క స్వరం ఊదారు. పైకి. చాలా పైకి. ముప్పావు మెట్టు ఉంటుంది. సభ బయటికి వచ్చి, ఆరో అంతస్తు ఎక్కి, మొదటి ఫ్లూటు ఊదారు. పెట్టెలో కలిసిపోయింది. నాకు రెండు శబ్దాలు వినబడలేదు.

బావ తాళాల గుత్తి తీసి, నేరుగా ప్రాణపడవకి వెళ్ళాడు. సీలు తెంపిన చప్పుడు విన్నాం. సిలిండరు మూతికి సంచి కట్టి, అందులో మీటరు పెట్టాడు. ముల్లు ఇరవై ఒకటి దాటింది. ఇరవై రెండు, ఇరవై మూడు. ఇరవై నాలుగున్నర దగ్గర ఆగింది. అంటే ఇన్నాళ్ళూ మేం ఇరవై ఒకటి అనుకుని పీల్చినది నిజానికి పద్దెనిమిదే.

"పైగాలి ఇరవై నాలుగున్నర ఎలగవుద్ది," అన్నాడు బావ, ఎవరినీ అడగకుండా. తర్వాత మాస్టారి ముందుకి వచ్చి, "క్షమించాల," అన్నాడు. మాస్టారు ఆయన భుజం మీద చెయ్యేసి, ముందు పిల్లల సంగతి చూడు నాయనా అన్నారు.

మధ్యాహ్నానికి సభకి తాళం పడింది. నేను నాలుగో అంతస్తుకి వెళ్ళి వాల్వు తిప్పాను. ఒక చుట్టు, ఇంకో చుట్టు. సాయంత్రం చంద్రకళ మెట్లమీద పరిగెడుతుంటే తిట్టబోయి ఆగాను.

ఉగాది అయిన ఏభై రెండు రోజులకి

గోడ పగలగొట్టి కొత్త సీలు వేశారు. ఓడలో సీసా గాలి వచ్చింది, మీటర్లన్నీ దానితోనే సరిచేశారు. పసుపూ బొట్టూ ఇప్పుడు సీసాకి పెట్టాం. మా వాళ్ళు ఏదో ఒకదానికి పెట్టకుండా ఉండలేరు. బావ సీలు తెంపిన విషయం పెద్దలు రెండు గంటలు చర్చించి, ఆపదలోనే తెంపాడని తీర్మానించారు. మాస్టారి ఫ్లూటుతోనే ఏటా గాలి కొలుద్దామని కొందరంటే ఆయన ఒప్పుకోలేదు. "ఊరు నా చెవి మీద బతకకూడదు. సీసా తెప్పించుకోండి," అన్నారు.

ఇవాళ సభ తెరిచారు, మాస్టారి కచేరీతో. నిలబడడానికి చోటు లేదు. నేను ముందు వరసలో, రెండు ఫోన్లు పట్టుకుని కూర్చున్నాను. మొదటి ఫ్లూటు తీశారు, ముప్పై ఆరు సెంటీమీటర్లది. కల్యాణి ఎత్తుకున్నారు. పెట్టెతో కలిసింది. నా వెనక ఎవరో బిగపట్టిన ఊపిరి వదిలారు.

పావుగంటయ్యాక, రాగంలో ఒక పెద్ద సంగతి చివర, ఫ్లూటు జారింది. స్వరం పైకి పోయింది, అందరికీ వినపడేంతగా.

నాలుగువందల తలలూ ఒక్కసారి గోడమీద మీటరు వైపు తిరిగాయి. వెనక కొందరు లేచి నిలబడ్డారు. ఒకామె పిల్లాణ్ణి ఎత్తుకుని తలుపు వైపు నడిచింది. బావ మీటరు దగ్గరికి పరిగెత్తాడు. ముల్లు ఇరవై ఒకటి మీద కదలకుండా ఉంది.

మాస్టారు ఫ్లూటు దించి మా అందరివైపూ చూశారు. ముఖం వెలిగిపోతోంది.

"కూకోండి, కూకోండి," అన్నారు. "గాలి బాగానే ఉంది. మూడేళ్ళు సాధన లేదు గదా. ఈపాలి తప్పు నాదే."

తప్పు నాదే అని అంత సంతోషంగా అన్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. సభంతా నవ్వుతూ కూర్చుంది. ఆయన మళ్ళీ మొదటినించి ఎత్తుకున్నారు.

నంబరు 314. సభ. కల్యాణి. మొదటి ఫ్లూటు. మీటరు ఇరవై ఒకటి. మాస్టారు ఒకచోట శృతి తప్పారు.